తునకల కూర మానకుండా క్యాలరీల లెక్క: ఏది తూచాలి, ఏది వదిలేయాలి

మీరు రాసిన దాన్నిబట్టి విషయం ఇది. ఉండేది నల్లగొండ, వయసు 34, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే పని. యాప్ రోజుకు 1200 క్యాలరీలు అంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా అట్లనే ఉంటున్నారు. శని, ఆదివారాలు వచ్చేసరికి బగారా అన్నం, తునకల కూర (మటన్), చాయ్‌తో సకినాలు, లెక్క గోవిందా. రెండు నెలలైనా బరువు కదల్లేదు. ఇంట్లో నలుగురికీ ఒకటే కూర, మీకోసం వేరే గిన్నె పెట్టుకునే వీలు లేదు. ఇష్టమైనవి తింటూ లెక్క కుదురుతుందా అన్నది ప్రశ్న.

కుదురుతుంది. మీ లెక్క చెడుతున్నది తునకల కూర దగ్గర కాదని నా అనుమానం. నాలుకకు రుచి కూడా తెలియని వాటి దగ్గర చెడుతోంది: గంటెతో పోసే నూనె, నాలుగో చాయ్, మారు వడ్డించుకున్న అన్నం. అక్కడ కోత పెడితే మనసుకు నచ్చినదానికి చోటు దొరుకుతుంది.

ముందు ఆ 1200 సంగతి. పడుకుని ఉన్నా శరీరం ఖర్చు చేసే శక్తిని అంచనా వేయడానికి ఎక్కువగా వాడే సూత్రం మిఫ్లిన్–సెయింట్ జోర్. ఆడవాళ్లకు ఇలా ఉంటుంది: బరువు కిలోల్లో పెట్టి 10తో గుణించాలి, ఎత్తు సెంటీమీటర్లలో పెట్టి 6.25తో గుణించాలి, రెండూ కలిపి అందులోంచి వయసుకు 5 రెట్లు, ఆపైన 161 తీసేయాలి. (మగవాళ్లకు 161 తీసే బదులు 5 కలపాలి.) మీకు 680 + 969 – 170 – 161, అంటే 1318. కూర్చుని చేసే పని, ఇంటి పని కలిపి 1.3తో గుణిస్తే దాదాపు 1700. ఇది బరువు పెరగకుండా, తగ్గకుండా ఉండే అంకె. యాప్ ఇందులోంచి ఒకేసారి 500 కోసింది. మిగిలిన 1200 మీ ఒళ్లు పడుకుని ఖర్చు చేసే దానికంటే కూడా తక్కువ. ఐదు రోజులు ఆ ఆకలితో ఉన్న మనిషి ఆరో రోజు కంచం ముందు ఆగకపోతే అందులో వింతేమీ లేదు.

ఇప్పుడు వారం మొత్తం కూడి చూడండి. ఐదు రోజులు 1200 చొప్పున 6000. శని, ఆదివారాలు 2600 చొప్పున అనుకుంటే 5200. కలిపితే 11,200, రోజు సగటు 1600. కాగితం మీద 1200 ఉంది, కడుపులోకి 1600 పోయింది. దాని మీద రాయకుండా మరిచిన ఓ వంద కలిస్తే సరిగ్గా మీ 1700. రెండు నెలలు ముల్లు ఎందుకు కదల్లేదో దీంతో తెలిసిపోతుంది.

అందుకని రోజుకు 1400 పెట్టుకోండి, కానీ వారానికి 9800గా లెక్కపెట్టండి. ఐదు రోజులు 1300 చొప్పున 6500, శని, ఆదివారాలు 1650 చొప్పున 3300. రోజుకు సగటున 300 లోటు. కిలో కొవ్వుకు సుమారు 7700 క్యాలరీలు కాబట్టి నెలకు కిలోకు కాస్త పైన తగ్గుతారు. నెమ్మదే. కానీ దసరా వచ్చినా సంక్రాంతి వచ్చినా చెడిపోనిది ఈ వేగమే.

ఒక్క మాట. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడగకుండా తిండి తగ్గించొద్దు. తూచి రాసుకోవడం వల్ల తిండి అంటేనే భయం, తిన్నాక తప్పు చేసినట్టు బాధ మొదలైతే ఈ పద్ధతి వాళ్లకు పనికిరాదు, ఆపేయాలి.

ఇక తూకం. గ్రాము తేడా చూపించే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనండి, ఐదు కిలోల దాకా తూగేది చాలు. గిన్నె పెట్టి బటన్ నొక్కితే సున్నాకు వచ్చే సౌకర్యం దాదాపు అన్నిటికీ ఉంటుంది. కొనగానే చేయాల్సిన మొదటి పని: మీరు రోజూ వండే గంజు, కుక్కర్, మూకుడు ఖాళీగా తూచి, ఆ అంకెలు కాగితం మీద రాసి వంటగది అల్మారా తలుపుకు లోపలివైపు అతికించడం. వేడి గిన్నెను ఖాళీ చేసి తూచలేం కదా, ఈ కాగితం లేకపోతే మూడో రోజుకే విసుగొస్తుంది.

నలుగురికీ ఒకటే కూర అన్నది పెద్ద చిక్కే కాదు. కిలో కోడి కూర తీసుకోండి. తోలు తీసి, ఎముకతో కిలో ఉంటే అందులో మెత్తటి మాంసం 680 గ్రాముల దాకా వస్తుంది, దానికి 820 క్యాలరీలు. నూనె ఆరు టేబుల్ స్పూన్లు, అంటే 90 మిల్లీలీటర్లు, 740. ఉల్లిగడ్డలు పావు కిలోకు కొంచెం తక్కువ, 90. ఎండు కొబ్బరి 20 గ్రాములు, 130. అల్లం వెల్లుల్లి, మసాలా ఓ 30. మొత్తం 1810. దించాక గంజుతో సహా తూచి, అల్మారా కాగితం మీది ఖాళీ బరువు తీసేస్తే కూర 1300 గ్రాములు వచ్చిందనుకుందాం. మీ కంచంలో 200 గ్రాములు వేసుకుంటే 1810ని 1300తో భాగించి 200తో గుణించాలి, 280 వస్తుంది. బొక్కలు తీసి మళ్లీ తూచే పని పెట్టుకోవద్దు. ఒకసారి మీకు బొక్క ఎక్కువ పడుతుంది, ఒకసారి మెత్తది పడుతుంది, నెలలో సరిపోతుంది.

అదే కూరలో నూనె మూడు టేబుల్ స్పూన్లకు తగ్గిస్తే మొత్తం 1440, మీ 200 గ్రాములు 230 దగ్గరికి వస్తాయి. కోడి అంతే, ముక్కలు అన్నే, కారం అంతే. ఉల్లిగడ్డ వేగేటప్పుడు అడుగంటుతుందని నూనె ఎక్కువ పోస్తారు. దానికి మందు వేరే ఉంది: చిటికెడు ఉప్పు వేసి మూత పెడితే ఉల్లిగడ్డ తన నీళ్లలోనే మగ్గుతుంది, అంటుకుంటున్నప్పుడు రెండు చెంచాల నీళ్లు చల్లాలి. పోపు, మసాలా వేగడానికి మాత్రం నూనె కావాలి. పూర్తిగా తీసేస్తే పచ్చి వాసన పోదు, కూర ఎవరూ తినరు, వారం తిరిగేసరికి పాత పద్ధతికే వెళ్తారు.

నూనె మీద ఇంకొంచెం ఆగుదాం, ఎందుకంటే తెలుగు ఇళ్లలో లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. నూనె గ్రాముకు 9 క్యాలరీలు. చక్కెర, పిండి, పప్పు గ్రాముకు సుమారు 4 లోపు. టీ స్పూను నూనె 40, టేబుల్ స్పూను 120. కానీ మన నూనె డబ్బాలో ఉండే గంటె టేబుల్ స్పూను కాదు. దాంతో ఒకసారి నీళ్లు తీసి త్రాసు మీద పోసి చూడండి, 15 గ్రాములు రావచ్చు, 30 కూడా రావచ్చు. రెండు గంటెలు పోశానని రాసుకున్నది నాలుగు టేబుల్ స్పూన్లయి ఉంటే ఒక్క కూరలోనే 240 తేడా.

రోజూ తూచే ఓపిక లేకపోతే దీనికి మంచి అడ్డదారి ఉంది. ప్యాకెట్ కత్తిరించిన తేదీ దాని మీదే పెన్నుతో రాయండి. నెలకు నలుగురికి ఐదు లీటర్లు పడుతోందనుకుంటే, లీటరు 910 గ్రాములు, మొత్తం 4550 గ్రాములు. 30 రోజులు, నలుగురు, తలా రోజుకు 38 గ్రాములు. అంటే 340 క్యాలరీలు నూనె రూపంలోనే. మూడు లీటర్లకు దింపితే తలకు 23 గ్రాములు, 205 క్యాలరీలు. మీకు రోజుకు 135 మిగిలింది, ఇంట్లో మిగతా ముగ్గురికీ మేలే. కొన్ని కంపెనీల ప్యాకెట్లలో ఇప్పుడు 910 కంటే తక్కువే ఉంటోంది, మీద రాసిన గ్రాములు చూసుకోండి. బజ్జీలు, గారెలు వేసిన రోజు ఎంత నూనె పీల్చాయో తెలియాలంటే మూకుడును వేయించక ముందు, చల్లారాక రెండుసార్లు తూచి తేడాను బజ్జీల సంఖ్యతో భాగించాలి. మిరపకాయ బజ్జీ ఒకటి 130 నుంచి 150 దాకా తేలుతుంది. నూనె సరిగ్గా కాగకముందే వేస్తే ఇంకా పీలుస్తుంది.

అన్నం విషయంలో జరిగే పొరపాటు ఇంకోటి: పచ్చి బియ్యానికి, వండిన అన్నానికి తేడా చూడకపోవడం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యం 356 క్యాలరీలు. అదే ఉడికాక నీళ్లు పట్టి రెండున్నర నుంచి మూడు రెట్లు బరువెక్కుతుంది కాబట్టి 100 గ్రాముల అన్నం 130 దగ్గర ఉంటుంది. యాప్‌లో ‘రైస్’ అని కొట్టగానే వచ్చే మొదటి పేరు ఈ రెండింటిలో ఏదో చూడకుండా నొక్కితే లెక్క మూడింతలు తప్పుతుంది. ‘ఒక కప్పు’, ‘ఒక బౌల్’ అన్న లెక్కలు అసలు పట్టించుకోవద్దు. ఆ బౌల్ ఎవరిదో మనకు తెలియదు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, తెలంగాణ సోనా, ఏదైనా క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తెలంగాణ సోనాకు పేరొచ్చింది రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుందని. షుగర్ ఉన్నవాళ్లకు అది పనికొచ్చే సంగతే, కానీ దాన్ని చూసి రెండు గంటెలు ఎక్కువ పెట్టుకుంటే బరువు తగ్గదు.

జొన్న రొట్టెకూ అదే వర్తిస్తుంది. పాలమూరు వైపు మూడు పూటలా రొట్టె తినే ఇళ్లున్నాయి, అన్నం మాని రొట్టె పట్టుకుంటే చాలు సన్నబడతారని ఒక నమ్మకం కూడా ఉంది. జొన్నలు 100 గ్రాములకు 334 క్యాలరీలు, బియ్యానికి పెద్ద దూరమేమీ లేదు. లాభం వేరే చోట ఉంది: పీచు బియ్యానికి మూడింతలకు పైన, మాంసకృత్తులు కొంచెం ఎక్కువ, నూనె చుక్క అక్కర్లేదు, నమిలి తినాలి కాబట్టి కడుపు నిండిన సంగతి మెదడుకు తెలిసే టైమ్ దొరుకుతుంది. యాప్‌లో ‘జోవర్ రోటీ’ అని ఉండేది 30 గ్రాముల పిండితో చేసిన పుల్కా లాంటిది. చేత్తో కొట్టిన మన రొట్టెకు 80, ఒక్కోసారి 100 గ్రాముల పిండి పడుతుంది. ఒక్కసారి ఒక రొట్టెకు పట్టే పిండి తూచి చూడండి (నీళ్లు కలిపాక కాదు, పొడి పిండిగా ఉన్నప్పుడు). 80 గ్రాములైతే 270 క్యాలరీలు, అంటే 200 గ్రాముల అన్నంతో సమానం. యాప్‌లో వంద అని పడి, కంచంలో 270 ఉంటే, రెండు రొట్టెలకు 340 లెక్కలోకి రాకుండా పోయాయి.

చాయ్. బర్రె పాలు లేదా చిక్కటి ప్యాకెట్ పాలు వంద మిల్లీలీటర్లు, రెండు చెంచాల చక్కెర పడితే 130 నుంచి 150. రోజుకు నాలుగు తాగితే 500 దాటాయి, మీకున్న 1400లో మూడో వంతుకు పైన. టోన్డ్ పాలు, ఒక చెంచా చక్కెరతో రెండు చాయ్‌లు చేసుకుంటే 160. పొద్దున లేవగానే తాగేది, సాయంత్రం నాలుగింటికి తాగేది ఉంచుకోండి. ఆఫీసులో ఎవరో తెప్పించారని తాగే ఆ రెండూ వదిలేయడం కష్టమేమీ కాదు. చక్కెర నాలుకకు అలవాటు, రెండు నుంచి ఒకటిన్నర, రెండు వారాల తర్వాత ఒకటి, అలా దిగాలి. ఒకేరోజు మానితే చాయ్ మీదే విరక్తి పుడుతుంది.

తూచాల్సినవి ఇంతే: నూనె, నెయ్యి, బియ్యం, రొట్టె పిండి, పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చక్కెర, బెల్లం, డబ్బాల్లో ఉండే పిండివంటలు. ఆకుకూరలు, టమాట, సోరకాయ, బీరకాయ, దోసకాయ, పల్చటి మజ్జిగ, ఇవన్నీ తూచకండి. వాటిలో పడిన నూనె రాసుకుంటే చాలు. పాలకూర 37 గ్రాములా 42 గ్రాములా అని చూసే మనిషి నెల తిరక్కుండానే త్రాసును అటక మీద పెడతారు. పచ్చిపులుసైతే మీకు చుట్టం లాంటిది. నూనె లేకుండా చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో చేస్తే గిన్నెడు కలిపి 30 దాటదు. నువ్వుల పొడి వేసే ఇళ్లలో మాత్రం టేబుల్ స్పూనుకు 50 కలపాలి. పల్లీ తొక్కు దీనికి ఎదురు: 100 గ్రాముల పల్లీలు 520, నూనె 120, మిగతావి కలిపి 660, రుబ్బితే 300 గ్రాములు వస్తుంది, రెండు టేబుల్ స్పూన్లకు 90. మంచి తిండే, కానీ రోట్లోంచి వేలితో తీసి తినేది కూడా తిండే.

రోజు ఎలా కుదురుతుందో చూడండి. మామూలు రోజు పొద్దున చాయ్ 80, మూడు ఇడ్లీలు 180, పల్లీ చట్నీ 90. మధ్యాహ్నం అన్నం 150 గ్రాములు 195, ముప్పై గ్రాముల కందిపప్పుతో పప్పు టీ స్పూను నూనెతో 140, కూరగాయ 100, పెరుగు వంద గ్రాములు 60. సాయంత్రం చాయ్ 80. రాత్రి 50 గ్రాముల పిండితో చిన్న జొన్న రొట్టె 170, రెండు గుడ్ల ఉల్లిగడ్డ కూర 200. మొత్తం 1295. మాంసకృత్తులు 50 గ్రాముల దగ్గర వస్తాయి. ఇది ఇంకొంచెం పెరిగితే ఆకలి అదుపులో ఉంటుంది కాబట్టి వారంలో రెండు మూడు రోజులు ఇడ్లీలు ఒకటి తగ్గించి ఉడికిన గుడ్డు పెట్టుకోండి, లేదా కొంచెం అన్నానికి బదులు ఉడికించిన పెసర్లు, శనగలు.

ఆదివారం: పొద్దున అదే 350. మధ్యాహ్నం బగారా అన్నం 200 గ్రాములు 340, తునకల కూర 150 గ్రాములు 270, పచ్చిపులుసు 30. సాయంత్రం చాయ్‌తో మూడు సకినాలు, 350. రాత్రి అన్నం, పచ్చిపులుసు, మజ్జిగ కలిపి 265. అంతా 1605. ఏదీ మానలేదు, 1650 దాటలేదు. కూర లెక్క మాంసాన్నిబట్టి మారుతుంది. కొవ్వు తక్కువగా ఉండే తొడ భాగం అడిగి తీసుకుంటే ఈ అంకె నిలుస్తుంది, కొవ్వు పట్టిన ముక్కలైతే బాగా పెరుగుతుంది. దించి పావుగంట ఆగితే నూనె పైకి తేలుతుంది, ఒక్క టేబుల్ స్పూను తీసేసినా కూర మొత్తంలో 120 తప్పినట్టే.

సకినాలకు ఒక చిట్కా. డబ్బాలోంచి పది తీసి తూచి పదితో భాగించండి. ఒక్కోటి 18 గ్రాములు వస్తే, నూనెలో వేగిన పిండివంటలు వంద గ్రాములకు 500 దగ్గర ఉంటాయి కాబట్టి ఒకటి 90. ఆ అంకె డబ్బా మూతకే రాసి పెట్టండి. మూడు ప్లేటులో పెట్టుకుని, మూత పెట్టి, డబ్బా లోపల పెట్టి, అప్పుడు కూర్చుని తినండి. డబ్బా ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు తిన్నవాటికి లెక్క ఉండదు, రుచి కూడా గుర్తుండదు. మలీదాకు రొట్టె, బెల్లం, నెయ్యి మూడూ లెక్కలోకి రావాలి: 50 గ్రాముల ముద్దకు 170 దాకా ఉంటుంది. పండ్లలో పెద్ద భయం లేదు. నల్లగొండ బత్తాయి ఒకటి వలిచి తింటే 50, 60. నాలుగు పిండి చక్కెర వేసిన జ్యూస్ 200 దాటుతుంది, కడుపు మాత్రం నిండదు. సీతాఫలం మధ్యస్థంగా ఉన్నది ఒకటి 100. హోటల్ బిర్యానీ సింగిల్ వెయ్యి దాకా పోతుంది, ఇద్దరు పంచుకోవచ్చు. కల్లుకు మాత్రం నమ్మదగిన లెక్క కుదరదు, పొద్దుటి తీపి మధ్యాహ్నానికి మత్తుగా మారుతుంది. గ్లాసులకు హద్దు పెట్టుకోవడమే దారి.

ముల్లు చూసి కంగారు పడకుండా ఉండాలంటే ఇది తెలియాలి. ఆదివారం ఉప్పు, అన్నం ఎక్కువ తిన్నాక సోమవారం పొద్దున కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. అది నీళ్లు. ఒంట్లో నిలవైన ప్రతి గ్రాము పిండి పదార్థం తనతోపాటు మూడింతల నీళ్లను పట్టుకుంటుంది. కిలో కొవ్వు రావాలంటే మీరు అవసరానికి మించి 7700 తినాలి, ఒక్క పూటలో అది సాధ్యం కాదు. నెలసరికి ముందు రోజుల్లో కూడా ఇలాగే పెరుగుతుంది. రోజూ పొద్దున ఒకే టైమ్‌కు చూసి ఏడు రోజుల సగటు రాసుకోండి, ఆ సగటునే పోయిన వారం సగటుతో పోల్చండి. నడిచినందుకు వాచీ చూపించే 300 క్యాలరీలను తిండికి కలపొద్దు. ఆ అంకె చాలాసార్లు ఎక్కువగానే చూపిస్తుంది, పైగా మనం వాడిన 1.3లో కొంత నడక ముందే ఉంది.

నాలుగు వారాల తర్వాత సగటు కిలో దగ్గర తగ్గితే ఏదీ మార్చకండి. అరకిలో కూడా తగ్గకపోతే వెంటనే తిండి కోయొద్దు. ముందు మూడు రోజులు నూనె, రొట్టె పిండి మళ్లీ తూచి చూడండి, పిల్లలు వదిలేసిన ముద్ద, వంట చేస్తూ రుచి చూసినవి రాసుకోండి. చాలావరకు తప్పు అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే రోజుకు 100 తగ్గించండి, మళ్లీ నాలుగు వారాలు చూడండి. బతుకమ్మ, సంక్రాంతి వారాల్లో 1400 జోలికి పోకుండా 1700 దగ్గర ఆగితే చాలు, పెరగరు. 62 కిలోలకు వచ్చాక సూత్రంలో కొత్త బరువు వేసి చూసుకోండి. అప్పటికి అవసరం రోజుకు దాదాపు 80 క్యాలరీలు తగ్గుతుంది, 1400 మీద అదే వేగం రాదు.